పిల్లల పీడకలలు: రాత్రి చేయవలసింది కొంచెమే, పగలు చేయవలసింది ఎక్కువ

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు క్లుప్తంగా తిరిగి చెబుతాను. ఐదున్నరేళ్ల మీ పాప మూడు వారాలుగా, వారానికి రెండు మూడు రాత్రులు, తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య ఏడుస్తూ లేచి మీ గదిలోకి వస్తోంది. నల్ల కుక్క ఒకటి తరుముతోందని చెబుతోంది, పగటిపూట మాత్రం కుక్కలంటే భయమేమీ లేదు. నెల క్రితం బడి మారింది, కొత్త బడి దూరం కావడంతో మునుపటికంటే గంట ముందే లేపుతున్నారు. పక్కన పడుకోబెట్టుకుంటే అదే అలవాటవుతుందని మీ వారు అంటున్నారు. కల మొత్తం అడిగి చెప్పించుకుంటే భయం దిగిపోతుందని మీ అక్కగారు అంటున్నారు. ఇది ఏదైనా మానసిక సమస్యకు మొదలేమోనన్నది మీ దిగులు.

మీరు రాసిన వివరాలను బట్టి ఇవి ఆ వయసు పిల్లల్లో సాధారణంగా కనిపించే పీడకలలే, మానసిక సమస్యకు సూచన అనదగినదేదీ నాకు కనిపించలేదు. రాత్రి పాపను కొద్ది మాటలతో ఓదార్చి తిరిగి నిద్రపుచ్చండి, కల గురించి అప్పుడు అడగకండి. పగలు పది నిమిషాలు కూర్చుని ఆ కలకు తనకు నచ్చిన ముగింపును తనచేతనే గీయించండి. రాత్రి ఇప్పటికంటే కనీసం ముప్పావు గంట ముందు పడుకోబెట్టండి. నాలుగు వారాలు ఇలా చేసినా తగ్గకపోతే, లేదా చివర నేను చెప్పబోయే లక్షణాల్లో ఏదైనా కనిపిస్తే, పిల్లల వైద్యుణ్ని కలవండి. పిల్లల మానసిక నిపుణురాలిగా ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి ఇలా ఎందుకు చెబుతున్నానో కూడా వివరంగా రాస్తాను.

ముందుగా తేల్చుకోవలసింది ఇది పీడకలేనా, లేక నైట్ టెర్రర్ అని మేము పిలిచే రాత్రి భయమా అన్నది. పైకి రెండూ ఒకేలా, ఏడుపుగానే వినిపిస్తాయి గానీ పుట్టే చోట్లు వేరు. 1953లో చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియేల్ క్లైట్‌మన్ అనే పరిశోధకులు నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటి ఉందని, ఆ దశలో లేపినవాళ్లు తరచుగా కలలు చెబుతారని చూపించారు. దానినే రెమ్ నిద్ర అంటున్నాం. రాత్రి మొదటి మూడో వంతులో గాఢనిద్ర ఎక్కువగా ఉంటుంది, తెల్లవారుజాముకు వచ్చేసరికి రెమ్ నిద్ర వంతు పెరుగుతుంది. అందుకే పీడకలలు ఎక్కువగా రాత్రి రెండో సగంలో వస్తాయి, రాత్రి భయాలు నిద్రపోయిన ఒకటి నుంచి మూడు గంటల లోపల వస్తాయి. మీ పాప లేచే వేళే నాకు సగం సమాధానం చెప్పింది.

మిగిలిన సగం పాప ప్రవర్తనలో ఉంది. రెమ్ నిద్రలో ఒంటి కండరాలు దాదాపుగా చచ్చుబడినట్టు సడలిపోయి ఉంటాయి కాబట్టి, కలలో ఎంత పరుగెత్తుతున్న పిల్ల అయినా మంచం మీద కదలక పడుకునే ఉంటుంది. పూర్తిగా మెలకువ వచ్చాకే ఏడుస్తుంది, మిమ్మల్ని గుర్తుపడుతుంది, చేతులు చాస్తుంది, ఏం చూసిందో చెప్పగలుగుతుంది, మళ్లీ కళ్లు మూయడానికి భయపడుతుంది. రాత్రి భయంలో దీనికి పూర్తిగా భిన్నంగా ఉంటుంది. ఒక తండ్రి నా దగ్గరికి వచ్చి, నాలుగేళ్ల కొడుకు కళ్లు తెరుచుకుని ఉన్నా తనను గుర్తుపట్టకుండా, ‘నాన్న కావాలి’ అని నాన్న చేతుల్లోనే పెనుగులాడాడని చెబుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ పిల్లవాడు తెల్లారి లేచి, ఏమీ జరగనట్టు బొమ్మ కారు అడిగాడట. ఆ ఇంట్లో నిజంగా ఆదుర్దాలో మునిగినవారు తల్లిదండ్రులే, పిల్లవాడు కాదు. అటువంటప్పుడు కుదిపి లేపకూడదు. కింద పడకుండా, దేనికీ తగలకుండా కాపలా ఉంటే కొద్ది నిమిషాల్లో దానంతట అదే సద్దుమణుగుతుంది. రోజూ ఒకే వేళకు వస్తుంటే, ఆ వేళకు పదిహేను నుంచి ముప్పై నిమిషాల ముందు మెల్లగా కాస్త మెలకువ వచ్చేంతగా కదిలించి మళ్లీ నిద్రపుచ్చే పద్ధతిని రెండు మూడు వారాలు పాటించమని చెబుతాం. మీ పాపది ఇది కాదు కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

పీడకలలు మూడు నుంచి ఆరేళ్ల మధ్య ఎక్కువగా మొదలవుతాయి. ఆ వయసులో ఊహ విపరీతంగా పెరుగుతుంది, దానిని అదుపులో పెట్టుకునే నేర్పు ఇంకా రాదు. కలలు ఎక్కడినుంచి వస్తాయని జీన్ పియాజే అనే స్విస్ మనస్తత్వవేత్త చిన్నపిల్లలను అడిగినప్పుడు, కల గదిలోనే ఉంటుందని, కళ్ల ముందే జరుగుతుందని చెప్పినవాళ్లున్నారు. నాలుగేళ్లు నిండిన పిల్లల్లో చాలామందికి కలలో వస్తువు చేతికి అందదని తెలుసని తరువాతి పరిశోధకులు చూపించారు. నా అనుభవంలో రెండూ నిజమే. మధ్యాహ్నం నా గదిలో కూర్చుని ‘కలలో కుక్క నిజం కుక్క కాదు’ అని నాకే పాఠం చెప్పిన పిల్ల, తెల్లవారుజామున నాలుగింటికి చీకటిలో కూర్చుని ఆ మాటను గుర్తుచేసుకోలేదు. పెద్దవాళ్లకే ఆ వేళకు ధైర్యం సన్నగిల్లుతుంది.

అందువల్ల ‘కలే కదా, ఏమీ లేదు, పడుకో’ అనే మాట పనిచేయదు. కుక్క అబద్ధం కావచ్చు గానీ, దడదడలాడుతున్న గుండె, తడిసిన మెడ, ఎండిన గొంతు అబద్ధం కాదు. ఏమీ లేదని మీరన్నప్పుడు పాపకు, అమ్మ నేను చెప్పింది నమ్మలేదు అనిపిస్తుంది, మరింత గట్టిగా ఏడ్చి నమ్మించవలసి వస్తుంది. నేను తల్లిదండ్రులకు నేర్పేవి మూడు చిన్న వాక్యాలు: ‘చాలా భయపడ్డావు. నేను వచ్చాను. కల అయిపోయింది.’ ఈ వరుస ముఖ్యం. ముందు భయాన్ని ఒప్పుకోవాలి, తరువాత తోడు చూపించాలి, ఆ తరువాతే కల సంగతి ఎత్తాలి. ఒక చేయి వీపు మీద ఉంచండి, కావాలంటే గుక్కెడు నీళ్లు ఇవ్వండి, మసక దీపం ఒక్కటి చాలు. పెద్ద లైటు వేయడం, ఫోను చూపించడం, కథ మొదలుపెట్టడం వంటివి చేస్తే నిద్ర పూర్తిగా తేలిపోతుంది. మీ గొంతు కాస్త విసుగు పుట్టించేంత నెమ్మదిగా ఉంటే మంచిది, ఆ వేళకు మీరు ఎంత నిస్సారంగా ఉంటే పాపకు అంత త్వరగా నిద్ర పడుతుంది.

మంచం కింద, తలుపు వెనుక వెతికి చూపించవచ్చా అని చాలామంది అడుగుతారు. ఒకసారి పాపే అడిగితే చూపించండి, ప్రతి రాత్రీ గాలింపు మాత్రం పెట్టుకోకండి. ‘భూతాలు పారిపోయే మందు’ అని సీసాలో నీళ్లు పోసి చల్లే పద్ధతి కూడా ఉంది. కొందరు నిపుణులు దానిని తప్పుపట్టరు గానీ నాకు అది నచ్చదు. ఒక ఐదేళ్ల అబ్బాయి నన్ను సూటిగా అడిగాడు: ‘భూతం లేదంటున్నారు కదా, మరి మందు ఎందుకు కొట్టారు?’ ఆ ప్రశ్నకు ఈనాటికీ నా దగ్గర సమాధానం లేదు.

బొమ్మ తోడు వేరే సంగతి, దానికి నేను పూర్తిగా అనుకూలం. 2006లో లెబనాన్ యుద్ధ సమయంలో ఇజ్రాయెల్‌లో ఇళ్లు వదిలి శిబిరంలో ఉన్న చిన్నపిల్లలకు, ఆవి సాదే అనే నిద్ర పరిశోధకుడి బృందం మెత్తటి కుక్కపిల్ల బొమ్మలు ఇచ్చింది. ఈ కుక్కపిల్ల దిగులుగా ఉంది, దీనిని నువ్వే చూసుకోవాలి, పడుకునేటప్పుడు హత్తుకోవాలి అని చెప్పింది. ఆ పిల్లల్లో ఒత్తిడి లక్షణాలు తగ్గాయని 2008లో ప్రచురించారు. ఇందులో నాకు నచ్చిన కిటుకు, కాపాడే పనిని పిల్లల చేతికే ఇవ్వడం. వణుకుతున్న పిల్లకు ‘నువ్వు ధైర్యంగా ఉండు’ అంటే చేతకాదు, ‘ఇది భయపడుతోంది, దీన్ని పట్టుకో’ అంటే చేతనవుతుంది. మీ పాప కలలో వచ్చేది కుక్కే కాబట్టి ఏ బొమ్మ కావాలో తననే ఎంచుకోనివ్వండి. పాప కుక్కపిల్లనే ఎంచుకుంటే ఆశ్చర్యపోకండి, పిల్లలు అలా చేస్తారు.

ఇక మీ వారి అభ్యంతరం. మీ మంచం మీదకి రావడం కోసం పిల్లలు పీడకలలు తెచ్చుకోలేరు, ఆ అనుమానం అవసరం లేదు. అయితే పీడకల తగ్గిపోయిన తరువాత కూడా మెలకువ వచ్చిన ప్రతిసారీ మీ మంచం వైపు నడిచే అలవాటు మిగిలిపోవచ్చు, ఆ మేరకు ఆయన మాటలో నిజముంది. నా సలహా: పాప వచ్చినప్పుడు మీలో ఒకరు తనతో తిరిగి తన పక్క దగ్గరికే వెళ్లి, నిద్ర పట్టేదాకా పక్కన కూర్చోండి. ఒళ్లు వెచ్చబడిన రాత్రో, మరీ వణికిపోయిన రాత్రో మీ దగ్గర పడుకోబెట్టుకుంటే చెడిపోయేదేమీ లేదు. మొదటినుంచీ అందరూ ఒకే చోట పడుకునే కుటుంబాలకు ఈ చర్చే అక్కర్లేదు. నేను పట్టుబట్టేది ఒక్కదానికే: ఈ నిర్ణయం మీరిద్దరూ పగలు కూర్చుని తీసుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి, ఏడుస్తున్న పిల్లను మధ్యలో పెట్టుకుని వాదించుకుంటే, కుక్కకు తోడు ఇంకో భయం చేరుతుంది.

మీ అక్కగారి సలహా విషయంలో నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఈ వృత్తిలోకి వచ్చిన రెండో ఏట, ఏడేళ్ల పాప ఒకతె పీడకలలతో నా దగ్గరికి వచ్చేది. నేను నోటు పుస్తకం తెరిచి, ముందుకు వంగి, ఏ రంగు, ఎన్ని కాళ్లు, తరువాత ఏమైంది అని శ్రద్ధగా అడిగి రాసుకునేదాన్ని. వారం వారం కలలు పెరిగాయి, పొడుగూ పెరిగింది. ఆరో వారం ఆ తల్లి ఎంతో మర్యాదగా, ‘మేడం, మీ దగ్గరికి వచ్చే ముందు రోజు రాత్రి తప్పకుండా కల వస్తోంది’ అని అన్నారు. కల తెస్తే ఈవిడ ముందుకు వంగి వింటుందని ఆ పిల్ల నేర్చుకుంది, అబద్ధం చెబుతోందని కూడా నేననను. పుస్తకం మూసేసి, ఆ రోజు బడిలో ఏం ఆడుకుందో అడగడం మొదలుపెట్టాను. నెల తిరిగేసరికి కలల ప్రస్తావన తనంతట తానే మానేసింది. కాబట్టి పాప చెబితే వినండి, చెప్పకపోతే తవ్వకండి. ఉదయం లేవగానే ‘రాత్రి కల వచ్చిందా?’ అని అడిగే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

పగలు చేయవలసిన పని మరోటి ఉంది. పెద్దవాళ్ల పీడకలలకు ఇమేజరీ రిహార్సల్ అనే పద్ధతి ఉంది. పీడకలను మెలకువలో తీసుకుని, తమకు నచ్చినట్టు మార్చి, ఆ కొత్త కలను రోజూ కొన్ని నిమిషాలు మనసులో నడిపించుకోవడం ఆ పద్ధతి. లైంగిక దాడికి గురైన స్త్రీలలో దీనివల్ల పీడకలలు తగ్గాయని బ్యారీ క్రాకో బృందం 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధమైనది. పిల్లలకు దీనినే బొమ్మలుగా మారుస్తాం. రాత్రికి దగ్గరగా వద్దు, సాయంత్రం ఆటల వేళ మంచిది. కాగితం, రంగులు ముందు పెట్టి, ‘ఆ కల నీది కదా, దాన్ని నీ ఇష్టం వచ్చినట్టు మార్చవచ్చు, ఇప్పుడేం జరగాలి?’ అని అడిగి ఊరుకోండి.

ఊరుకోవడమే కష్టం. ఆరేళ్ల అబ్బాయి ఒకడికి లిఫ్టు కల వచ్చేది. లిఫ్టు కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంటుంది, ఆగదు, తలుపు ఉండదు. నాకు వెంటనే పరిష్కారం తోచి, ఎర్ర బటన్ గీయి, నొక్కితే ఆగిపోతుంది అన్నాను. వాడు మర్యాదకు గీశాడు, మరుసటి వారం కల అలాగే ఉంది. రెండోసారి నేను నోరు మూసుకుని కూర్చున్నాను. చాలాసేపు పెన్సిల్ కొరికి, ‘దానికి దారి తెలీదు. అందుకే వెళ్తూనే ఉంది’ అన్నాడు. తరువాత లిఫ్టు లోపలి గోడకు ఒక పటం గీశాడు. అందులో వాళ్ల ఇల్లు, మెట్లు, మూడో అంతస్తులో ఒక ఎర్ర చుక్క ఉన్నాయి. ఆ కాగితాన్ని మడిచి దిండు గలీబులో పెట్టుకున్నాడు. ఆ తరువాత రెండు సార్లు కల వచ్చిందని, రెండోసారి లిఫ్టు మూడో అంతస్తులో ఆగిందని తల్లి చెప్పింది. అందరికీ ఇంత చక్కగా కుదరదు, కొందరికి కల మారకుండానే భయం తగ్గుతుంది. మీ పాప ఆ కుక్కను కట్టేస్తుందో, దానికి పేరు పెడుతుందో, దానికే జలుబు తెప్పిస్తుందో మీరు ఊహించలేరు, ఊహించి అందించకండి కూడా.

కుక్క అంటే ఏమిటి, కొత్త టీచరా, అని అర్థాలు వెతకనవసరం లేదు. కలలో వచ్చిన వస్తువుకు నిఘంటువులో అర్థం చూసే పద్ధతికి ఆధారం లేదు. పాప మారిన బడికి ఇంకా సర్దుకుంటోంది, నిద్ర గంట తగ్గింది, ఈ రెండు కారణాలూ చాలు. అమెరికన్ నిద్రవైద్య అకాడమీ 2016లో ఇచ్చిన సూచనల ప్రకారం మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలి. రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేస్తున్న మీ పాపకు ఎనిమిది గంటలే దొరుకుతోంది, పైగా పొద్దున్నే లేపడం వల్ల కోత పడేది రెమ్ నిద్ర ఎక్కువగా ఉండే ఆఖరి గంటకే. అలా పోయిన రెమ్ నిద్రను మెదడు తరువాతి రాత్రుల్లో గట్టిగా పూడ్చుకోబోతుంది, అప్పుడు కలలూ గట్టిగానే రావచ్చు. పడుకునే వేళను ఒక్కసారిగా మార్చకుండా, రెండు మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు తెచ్చుకుంటూ రండి. మొదట చెప్పిన ముప్పావు గంట కనీసం మాత్రమే, తొమ్మిది దాకా తెచ్చి ఆపేయకుండా ఇంకా ముందుకు వెళ్లగలిగితే మేలు. నా దగ్గరికి వచ్చిన కుటుంబాల్లో చాలామందికి ఈ ఒక్క మార్పే సగం పని చేసిపెట్టింది. నిద్రకు ముందు గంట టీవీ, ఫోను వద్దని వేరే చెప్పనక్కర్లేదు గానీ, పెద్దపిల్లలు చూస్తుంటే పక్కన కూర్చుని చూసే చిన్నపిల్లల సంగతి తల్లిదండ్రులు తరచుగా మరిచిపోతారు.

శరీరానికి సంబంధించిన కారణాలను కూడా ఒకసారి చూసుకోండి. జ్వరంలో పీడకలలు రావడం మామూలే. గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి మళ్లీ ఎగశ్వాసతో తీసుకునే పిల్లలకు నిద్ర ముక్కలవుతుంది. కలల కోసం నా దగ్గరికి పంపిన ఒక అబ్బాయికి అసలు సమస్య ముక్కు వెనుక పెరిగిన ఎడినాయిడ్లు, నేను చేసింది చెవి ముక్కు గొంతు వైద్యుడి దగ్గరికి పంపడమే. మందుల విషయమూ అడగాలి. ఉబ్బసానికి, అలర్జీకి వాడే మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో పీడకలలు, ప్రవర్తనలో మార్పులు వస్తున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను ఆ మందుకు జోడించింది. అలా అనుమానం వస్తే మీ అంతట మీరు మందు ఆపకండి, రాసిన వైద్యుణ్ని అడగండి. అలాగే నిద్రమందులు, మెలటోనిన్ వంటివి సొంతంగా కొని ఇవ్వకండి.

ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవవలసిన సందర్భాలు ఇవి. నిజంగా జరిగిన ప్రమాదమో, దాడో, మరణమో అదే రూపంలో కలలో తిరిగి తిరిగి వస్తుంటే. ఒక మనిషిని గాని, ఒక చోటును గాని చూసి పగలు కొత్తగా బెదురుతుంటే. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలై, ఆటల మీద ఆసక్తి పోయి, తనలో తాను ముడుచుకుపోతుంటే. నిద్రపోవడానికే భయపడి రాత్రంతా మేలుకొని ఉంటుంటే. ఒకే రాత్రి పలుమార్లు, ప్రతిసారీ అచ్చు ఒకేలా, ఒళ్లు బిగుసుకోవడమో చేతులు కాళ్లు కొట్టుకోవడమో జరుగుతుంటే అది మూర్ఛ కావచ్చు, దానికి పరీక్షలు వేరే ఉంటాయి. కొత్త బడిలో ఎవరైనా బాధపెడుతున్నారా అన్నది మీరే నెమ్మదిగా తెలుసుకోవచ్చు. ‘ఎవరైనా కొట్టారా?’ అని సూటిగా అడిగితే అవుననో కాదనో తలాడించేస్తారు. ‘ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావు? బడిలో ఏ చోటు నచ్చలేదు?’ అంటే మాట వస్తుంది.

ఈ నాలుగు వారాలూ ఒక కాగితం మీద నాలుగే విషయాలు రాసి ఉంచండి: పడుకున్న వేళ, లేచిన వేళ, మిమ్మల్ని గుర్తుపట్టిందా లేదా, పొద్దున తనంతట తాను చెప్పిందా లేదా. ఒళ్లు బిగుసుకోవడం వంటిది కనిపిస్తే మాత్రం ముందు పాపను చూసుకుని, వీలుంటే ఒక నిమిషం ఫోనులో వీడియో తీయండి. వైద్యుడికి మీ వర్ణన కంటే అది ఎక్కువ పనికొస్తుంది. ఆ కాగితం పాపకు కనిపించేలా గోడకు అంటించకండి, మీ దగ్గరే ఉంచుకోండి.